88 మెట్లు, ఒక వైరు

“వైరు పెట్టిన సార్. కంప్యూటర్‌ల సౌండ్ వస్తలేదు.”

భువనగిరిలో డిజిటల్ పియానో ఉన్న ఇళ్లు ఎక్కువేమీ లేవు. ఉన్నవాళ్ల దగ్గర్నుంచి నాకు వచ్చే మొదటి ఫోను మాత్రం దాదాపు ఎప్పుడూ ఇదే. ఆదివారం చర్చిలో కీబోర్డు వాయించే కుర్రాడు, కూతురిని హైదరాబాద్‌లో ట్రినిటీ పియానో గ్రేడు పరీక్షకు కూర్చోబెట్టాలని చూస్తున్న తండ్రి, జానపద పాటలకు ట్రాకులు కట్టి యూట్యూబ్‌లో పెట్టుకునే మిత్రుడు. ముగ్గురికీ కావలసింది వేరు, అడిగింది మాత్రం ఒకటే. నేను చెప్పే జవాబూ ఒకటే: వైరు బాగానే పని చేస్తోంది, కాకపోతే ఆ వైరులో సౌండ్ ఉండదు.

ఈ ఒక్క ముక్క తెలియక, నలభై వేలకు తక్కువ కాకుండా పోసి కొన్న వాయిద్యానికి గుడ్డ కప్పి మూలన పెట్టినవాళ్లను చూశాను. అందుకే పియానోను కంప్యూటర్‌కు కలపడమనే వ్యవహారాన్ని మొదట్నుంచి ఒకసారి తిరగేసి చూద్దామనిపించింది. ఏ వైరు వాడాలి, ఆలస్యం ఎందుకు వస్తుంది, ఏ సాఫ్ట్‌వేర్ మేలు, ఈ ఏర్పాటంతా మన పాటకు ఎంతవరకు పనికొస్తుంది అన్నవి ఇందులో ప్రశ్నలు. నా లెక్కలో మొదటి మూడూ ఎప్పుడో తీరిపోయాయి, ఓపిక ఉంటే ఒక సాయంత్రం పని. నాలుగోది ఇంకా తీరలేదు. దాన్ని తీర్చవలసింది జపాన్ కంపెనీలు కావు, మనమే.

గ్రాఫ్ కాగితం

పోచంపల్లి మనకు పక్కనే ఉంది గనుక అక్కణ్నుంచే మొదలుపెడతాను. ఇక్కత్ చీర నేయాలంటే ముందు డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గీస్తారు. ఏ గడిలో రంగు పడాలి, ఏ గడి ఖాళీగా ఉండాలి అన్నది అందులో ఉంటుంది. ఆ లెక్క ప్రకారం నూలును కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాతే మగ్గమెక్కిస్తారు. గ్రాఫ్ కాగితంలో దారం లేదు, రంగు లేదు. అయినా చీర మొత్తం అందులో ఉంది. అదే గ్రాఫుతో ఒకరు ఎర్రటి పట్టుచీర నేస్తారు, మరొకరు నీలిరంగు దుప్పటి నేస్తారు.

పియానో నుంచి కంప్యూటర్‌కు పోయేది ఆ గ్రాఫ్ కాగితమే. దాని పేరు మిడి. మీరు ఒక మెట్టు నొక్కగానే (కీ అనే మాటకు మన హార్మోనియం వాళ్లు వాడే మాట ఇదే) పియానో ముఖ్యంగా మూడు సంగతులు పంపుతుంది. మెట్టు నొక్కారు అన్నది ఒకటి, అది ఎన్నో నంబరు మెట్టు అన్నది రెండోది, ఎంత వేగంగా నొక్కారు అన్నది మూడోది. పియానో నడుమ ఉండే ‘సి’ మెట్టు నంబరు 60. మొత్తం 88 మెట్లు 21 నుంచి 108 దాకా ఉంటాయి. వేగానికి 1 నుంచి 127 దాకా అంకె. వేలు తీయగానే ఇంకో కబురు పోతుంది. కాలి కింది పెడల్ తొక్కితే దానికి 64 నంబరు కంట్రోలు. ఇంతే. స్వరం ఎలా మోగాలి, తీపిగానా, గరుకుగానా అన్న సంగతి ఆ కబురులో ఎక్కడా లేదు. ఆ పని కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ వాయిద్యానిది. అదేదీ పెట్టకుండా వైరు మాత్రమే కలిపితే గ్రాఫ్ కాగితాన్ని ఒంటికి చుట్టుకోబోయినట్టుంటుంది.

ఈ ఏర్పాటు వయసు నలభై ఏళ్లు దాటింది. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపిన డేవ్ స్మిత్ 1981లో ఒక ప్రతిపాదన చేశారు. వేర్వేరు కంపెనీల సింథసైజర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవాలంటే ఒకటే భాష ఉండాలన్నది దాని సారం. జపాన్‌లో రోలాండ్ స్థాపకుడు ఇకుటారో కకెహాషి కూడా అదే పట్టుదలతో ఉన్నారు. 1983 జనవరిలో కాలిఫోర్నియాలో జరిగిన వాయిద్యాల ప్రదర్శనలో స్మిత్ కంపెనీ ప్రాఫెట్-600ను రోలాండ్ జూపిటర్-6కు కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. ఆ ఏడాదే మిడి 1.0 ప్రమాణం వెలువడింది. పోటీ కంపెనీలు కూర్చుని ఒప్పుకున్న భాష, ఎవరికీ రాయల్టీ కట్టనక్కర్లేని భాష కాబట్టే ఇప్పటికీ నడుస్తోంది. 2013లో ఆ ఇద్దరికీ సాంకేతిక గ్రామీ ఇచ్చారు. దక్షిణాది సినిమా పాటకు ఈ భాష త్వరగానే చేరింది. 1986లో ఇళయరాజా ‘పున్నగై మన్నన్’ సంగీతంలో కంప్యూటర్ సీక్వెన్సింగ్ వాడారని చెప్పుకుంటారు. తెలుగువాళ్లు ఆ సినిమాను ‘డాన్స్ మాస్టర్’గా చూశారు.

గ్రాఫ్ కాగితానికి ఇంకో లాభముంది. బరువు ఉండదు. నాలుగు నిమిషాల పాటను మామూలు సీడీ నాణ్యతలో రికార్డు చేస్తే నలభై మెగాబైట్లు అవుతుంది. అదే పాట మిడి ఫైలు కొన్ని పదుల కిలోబైట్లలో ముగుస్తుంది. భువనగిరిలో వాయించి వాట్సాప్‌లో పంపితే, హైదరాబాద్‌లో ఉన్న అరేంజర్ దానికి వయొలిన్లు తొడగగలడు. తప్పు మెట్టు పడితే పాట మళ్లీ వాయించనక్కర్లేదు, ఆ ఒక్క గడిని పక్కకు జరిపితే చాలు.

ఏ వైరు

ఇప్పుడు దొరికే డిజిటల్ పియానోల్లో ఎక్కువ వాటికి వెనక ‘యూఎస్‌బీ టు హోస్ట్’ అని రాసిన చదరపు రంధ్రం ఉంటుంది. దీనికి ప్రింటర్ కేబుల్ సరిపోతుంది. షాపులో “మిడి కేబుల్” అని అడిగితే ఏదేదో చూపిస్తారు, “ప్రింటర్ కేబుల్” అని అడిగితే వెంటనే ఇస్తారు. మొదట్లో నాకు ఒక షాపువాళ్లు రెండు చివర్లా గుండ్రటి పిన్నులున్న కేబుల్ అంటగట్టారు. నా పియానోకు ఆ రంధ్రమే లేదు. సికింద్రాబాద్ రైలు ఖర్చు, ఒక రోజు దండగ. కాబట్టి బయల్దేరే ముందు పియానో వెనక భాగాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని పోండి. కొన్నింటికి ‘టు డివైస్’ అనే పలకటి రంధ్రం కూడా ఉంటుంది. అది పెన్‌డ్రైవ్ కోసం, కంప్యూటర్ కోసం కాదు. కొత్త మోడళ్లలో కొన్నింటికి ఫోను ఛార్జర్‌లాంటి చిన్న రంధ్రం ఇస్తున్నారు. వాటితో ఒక చిక్కుంది. ఛార్జింగ్‌కే పనికొచ్చి డేటా పోని కేబుళ్లు మన ఇళ్లలో బోలెడు. పియానో కంప్యూటర్‌కు కనబడకపోతే ముందు కేబుల్ మార్చి చూడాలి, ఆ తర్వాతే మిగతా అనుమానాలు.

పాత వాయిద్యాలకు 5 పిన్నుల గుండ్రటి రంధ్రాలే ఉంటాయి. వాటిని యూఎస్‌బీకి మార్చే చిన్న డబ్బాలు దొరుకుతాయి. పియానో ‘అవుట్’ డబ్బా ‘ఇన్’కు పోవాలన్నది మరిచిపోతే గంటలు పోతాయి. మరీ చవక డబ్బాలు వేగంగా వాయించినప్పుడు స్వరాలు మింగేస్తాయి. మెట్టు వదిలిన కబురు అందక స్వరం అట్లా మోగుతూనే ఉండిపోతుంది. ఇక్కడ డబ్బు మిగుల్చుకోవద్దు.

పాత గుండ్రటి పిన్నుల పద్ధతిలో ఒక మంచి గుణం ఉంది, ఇవాళ ఎవరూ దాన్ని తలచుకోరు. కబురు అందుకునే చివర కాంతితో పనిచేసే చిన్న భాగం ఉంటుంది. పంపే యంత్రానికీ అందుకునే యంత్రానికీ మధ్య కరెంటు కలవదు. యూఎస్‌బీలో కలుస్తుంది. మన పాత ఇళ్లలో ఎర్తింగ్ సరిగా ఉండదు. పియానో ఒక ప్లగ్గులో, ల్యాప్‌టాప్ ఛార్జర్ ఇంకో ప్లగ్గులో పెట్టి స్పీకర్లు కూడా కలిపితే ‘గుయ్’మని హోరు మొదలవుతుంది. పియానో చెడిపోయిందనుకుని కంగారు పడతారు. ఛార్జర్ పీకి ల్యాప్‌టాప్‌ను బ్యాటరీ మీద నడిపి చూడండి. హోరు ఆగితే దోషం పియానోది కాదు, గోడలోని ఎర్తింగ్‌ది.

బ్లూటూత్ గురించి ఒక్క మాట. పియానో నుంచి మిడి కబుర్లను బ్లూటూత్‌లో పంపడం పనికొస్తుంది, మ్యాక్ మీదా ఐప్యాడ్ మీదా బాగానే నడుస్తుంది. విండోస్‌లో చాలా సాఫ్ట్‌వేర్‌లతో తిప్పలు పెడుతుంది. కానీ సౌండ్‌ను బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో వింటూ వాయించడం మాత్రం ఎవరికీ కుదరదు. వేలు పడిన చాలాసేపటికి స్వరం చెవిన పడుతుంది. వైరున్న హెడ్‌ఫోనే వాడాలి.

ల్యాప్‌టాప్ లేనివాళ్లు నిరాశ పడనక్కర్లేదు. ఆండ్రాయిడ్ 6 నుంచీ ఫోన్లకు మిడి తెలుసు. ఓటీజీ ముక్క (ఫోనుకు యూఎస్‌బీ కలిపే అడాప్టర్) ఒకటి, ప్రింటర్ కేబుల్ ఒకటి ఉంటే ఫోనుకే కలుస్తుంది. ఐఫోన్లో గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, సాధనకు అది చాలు.

డప్పు ఎంత దూరంలో ఉంది

వైరు కలిసింది, సాఫ్ట్‌వేర్ పెట్టారు, సౌండ్ వచ్చింది. అప్పుడు రెండో ఫోను వస్తుంది: “సార్, నొక్కినంక లేట్‌గ పలుకుతుంది.”

దీనికి కారణం పియానో కాదు, వైరూ కాదు. గుండ్రటి పిన్నుల పాత మిడి కూడా సెకనుకు 31,250 బిట్లు పంపుతుంది. ఒక మెట్టు కబురు చేరడానికి ఒక మిల్లీసెకను చాలు. ఆలస్యమంతా కంప్యూటర్ సౌండ్ తయారుచేసే చోట ఉంది. కంప్యూటర్ సౌండ్‌ను చుక్క చుక్కగా వదలదు, బిందె నిండాక కుమ్మరిస్తుంది. ఆ చుక్కను శాంపిల్ అంటారు, ఆ బిందెను బఫర్ అంటారు. సెకనుకు 44,100 శాంపిళ్ల లెక్కన 1024 శాంపిళ్ల బిందె నిండడానికి 23 మిల్లీసెకన్లు పడుతుంది. 256 అయితే 6 కంటే తక్కువ. 128 అయితే 3. దానికి డ్రైవర్ (కంప్యూటర్ సౌండ్ భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) సొంత ఆలస్యం అదనం.

23 మిల్లీసెకన్లంటే ఎంతో ఊహకు అందదు కదా. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. అంటే 23 మిల్లీసెకన్ల ఆలస్యంతో వాయించడమూ, ఎనిమిది మీటర్ల దూరంలో ఉన్న డప్పుకు అడుగులు వేయడమూ ఒకటే. ఊరేగింపులో ఆ మాత్రం దూరానికి అలవాటు పడతాం. కానీ డప్పు మన చేతిలోనే ఉండి, శబ్దం ఎనిమిది మీటర్ల అవతల నుంచి వస్తే చేయి తడబడుతుంది. విండోస్ మామూలు డ్రైవర్‌తో ఈ ఆలస్యం వంద మిల్లీసెకన్ల దాకా పోతుంది. అంటే డప్పు 34 మీటర్ల దూరంలో ఉన్నట్టు. ఆ స్థితిలో గ్రేడు పరీక్ష పాఠం సాధన చేసే పిల్ల తన చేతిదే తప్పనుకుంటుంది. పిల్లలు ఇట్లా మనసు విరిగి సాధన మానేయడం చూశాను కాబట్టే ఈ అంకెలు ఇంత వివరంగా రాస్తున్నాను.

మందు తేలికే. విండోస్‌లో ఆసియో డ్రైవర్ వాడాలి. స్టెయిన్‌బర్గ్ కంపెనీ 1997లో తెచ్చిన పద్ధతి అది. ప్రత్యేకమైన సౌండ్ కార్డు లేకపోతే ఆసియో-ఫోర్-ఆల్ అనే ఉచిత డ్రైవర్ ఉంది. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో దాన్ని ఎంచి బఫర్‌ను 256కు దించండి. చిటపటలు వస్తే 512కు పెంచండి. మ్యాక్‌లో ఈ గొడవ లేదు. వాయించేటప్పుడు చిన్న బిందె, వాయించడం అయిపోయి పాటను మిక్స్ చేసేటప్పుడు పెద్ద బిందె అన్నది స్టూడియోల్లో అందరూ పాటించే పద్ధతి.

మూడో ఫోను రెండు సౌండ్‌ల గురించి. మెట్టు నొక్కితే పియానో లోపలి స్పీకర్ పలుకుతుంది, కంప్యూటర్ స్వరమూ పలుకుతుంది, రెండూ కొంచెం ఎడంగా వినబడి ప్రతిధ్వని వచ్చినట్టుంటుంది. పియానో సెట్టింగ్స్‌లో ‘లోకల్ కంట్రోల్’ అనేది ఆఫ్ చేయాలి. మెట్టుకూ పియానో సొంత గొంతుకూ ఉన్న లంకె తెగుతుంది, మెట్టు కంప్యూటర్‌కే పలుకుతుంది. లేదా పియానో వాల్యూమ్ సున్నా చేసినా సరిపోతుంది. ఎవరో ఒకరు లోకల్ ఆఫ్ చేసి మర్చిపోతారు, మరునాడు ఇంట్లోవాళ్లు పియానో పలకడం లేదని భయపడతారు. చాలా మోడళ్లలో స్విచ్ ఆపి మళ్లీ వేస్తే మామూలుకు వస్తుంది.

శృతి మార్చడంలోనూ ఒక చిక్కుంది. పాడే ఆమెది ఐదున్నర శృతి అయితే పియానోలో ట్రాన్స్‌పోజ్ నొక్కుతాం. కొన్ని మోడళ్లు మారిన నంబర్లనే కంప్యూటర్‌కు పంపుతాయి. సాఫ్ట్‌వేర్‌లో కూడా ట్రాన్స్‌పోజ్ పెడితే శృతి రెండుసార్లు మారుతుంది. ఏదో ఒక్కచోటే మార్చుకోవాలి.

పియానోనా, చిన్న కీబోర్డా

ఇందులో అభిప్రాయ భేదం ఉంది. కంప్యూటర్ కోసమే అయితే 25 మెట్లో 49 మెట్లో ఉన్న చిన్న కంట్రోలర్ కీబోర్డు చాలు, పియానో ఎందుకు అనేది ఒక వాదన. ధర తక్కువ, బల్ల మీద పడుతుంది, స్వరాన్ని వంచే పిచ్ చక్రం ఉంటుంది, ప్యాడ్లు ఉంటాయి. ట్రాకులు కట్టే మిత్రుడి విషయంలో ఈ వాదన నిజమే. ఇప్పటికే డిజిటల్ పియానో ఉన్నవాళ్లకు, పియానో నేర్చుకునేవాళ్లకు నా సలహా వేరు. పియానో మెట్టులో బరువుంటుంది, లోపల సుత్తి కదులుతుంది. ఎడమ చివర బరువు ఎక్కువ, కుడి చివర తక్కువ. 1 నుంచి 127 దాకా ఉన్న వేగాన్ని వేలు అక్కడే నేర్చుకుంటుంది. చిన్న కంట్రోలర్ స్ప్రింగు మెట్ల మీద నెమ్మదిగా, గట్టిగా అనే రెండే స్థాయిలు చేతికొస్తాయి. మధ్యలోని పొరలు రావు.

మన ఊళ్లలో ఎక్కువగా కనబడేది ఈ రెండూ కాదు, మూడోది. భారతీయ స్వరాలు, తాళాలు నింపిన యమహా పీఎస్‌ఆర్-ఐ కీబోర్డులు, పేరు చివర ‘ఐఎన్’ ఉన్న కేసియో కీబోర్డులు. చర్చిల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో ఇవే. వీటిలోనూ యూఎస్‌బీ ఉంటుంది, పైన చెప్పినవన్నీ వీటికీ వర్తిస్తాయి. చర్చి కుర్రాడికి కొత్త పియానో కొనమని చెప్పను. ఉన్న కీబోర్డుకు ప్రింటర్ కేబుల్ తగిలించుకుంటే చాలు.

సాఫ్ట్‌వేర్ గురించి త్వరగా ముగిస్తాను, ఎందుకంటే ఎవరికి అలవాటైంది వారికి మంచిది. రికార్డింగుకు రీపర్ తేలికైనది, పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. ఎఫ్‌ఎల్ స్టూడియో మన జానపద ట్రాకుల కుర్రాళ్లకు బాగా చేతికి వచ్చింది. స్వరలిపి రాసుకునేవాళ్లకు మ్యూజ్‌స్కోర్ ఉచితం. పియానో గొంతు కావాలంటే సాలమాండర్ అనే ఉచిత శాంపిల్ సంపుటి (రికార్డు చేసిన స్వరాల సంపుటి) ఉంది. యమహా సి-5 గ్రాండ్ పియానోను 16 స్థాయిల్లో రికార్డు చేశారు. ఒక్కో మెట్టునూ కాదు, మూడు మెట్లకొకటి చొప్పున. మధ్యవాటిని సాఫ్ట్‌వేర్ సాగదీస్తుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది. రికార్డింగ్ ఏదీ లేకుండా తీగ కంపించే పద్ధతిని లెక్కకట్టి పలికించే పియానోటెక్ ఇంకో దారి. గిగాబైట్ల స్థలం లేని కంప్యూటర్‌కు అది వరం, డబ్బు మాత్రం పెట్టాలి.

మెట్ల నడుమ ఖాళీ

ఇక తీరని ప్రశ్న. మెట్టుకూ మెట్టుకూ నడుమ ఏముంది? పియానోలో ఏమీ లేదు. మన పాటలో ఉన్నదంతా అక్కడే.

ఈ తగువు మనకు కొత్త కాదు. ఆలిండియా రేడియో 1940లో హార్మోనియాన్ని నిషేధించింది, 1971లో గానీ ఆ నిషేధం సడలలేదు. గమకం పలకదు, శృతి స్థిరంగా బిగుసుకుని ఉంటుంది అన్నది అభియోగం. రవీంద్రనాథ్ టాగూర్ కూడా హార్మోనియాన్ని వ్యతిరేకించారు. ఆ ముప్పై ఏళ్లూ మన నాటక సమాజాలు, భజన మండళ్లు హార్మోనియాన్ని వదల్లేదు. పాడేవాడి గొంతు గమకం చూసుకుంది, హార్మోనియం దారి చూపింది. నా అభిప్రాయంలో రేడియో అభియోగం నిజం, విధించిన శిక్ష తప్పు.

డిజిటల్ పియానోకు ఆ అభియోగం ఇంకా గట్టిగా వర్తిస్తుంది. మాయామాళవగౌళలో సరళీ వరుసలు పియానో మీద చక్కగా వస్తాయి, పిల్లలకు మెట్లు చూపించి నేర్పొచ్చు కూడా. తోడి రాగం దగ్గరకు రాగానే ఆగిపోతాం. ఆ గాంధారం ఒకచోట నిలబడదు, ఊగుతూనే ఉంటుంది. కర్ణాటక సంగీతం దాకా ఎందుకు, మన పొలం పాట చూడండి. ప్రజాకవి సుద్దాల హనుమంతు పాటలు పుట్టిన నేల ఇది. ఇక్కడి బాణీల్లో పదం చివర గొంతు కిందికి జారుతుంది. ఆ జారుడులోనే బాధ ఉంటుంది, ఎకసెక్కమూ ఉంటుంది. దాన్ని రెండు మెట్లుగా విడగొట్టి వాయిస్తే బాణీ గుర్తుపట్టొచ్చు, పాట మాత్రం అందులో ఉండదు.

మిడిలో దీనికి ఏర్పాటు లేకపోలేదు. పిచ్ బెండ్ అనే కబురుకు 16,384 స్థాయిలున్నాయి. మామూలుగా అటు రెండు, ఇటు రెండు అరస్వరాల దాకా స్వరాన్ని వంచుతుంది. మెట్ల నడుమ ఖాళీ అంతా అందులో పడుతుంది. కీబోర్డు మీద కర్ణాటక కచేరీలు చేసేవాళ్లు ఎడమచేతిని పిచ్ చక్రం మీదే ఉంచుతారు. చిక్కేమిటంటే, డిజిటల్ పియానోల్లో ఎక్కువ వాటికి ఆ చక్రం ఉండదు. పియానో చేసినవాళ్లకు అది అక్కర్లేదు, మనకు అది లేకుండా గడవదు. కాబట్టి పియానో పక్కన ఒక చిన్న కంట్రోలర్ పెట్టుకుని, రెండింటినీ ఒకే ట్రాకుకు కలపండి. కుడిచేయి పియానో బరువు మెట్ల మీద, ఎడమచేయి చిన్నదాని చక్రం మీద. అది కొనలేకపోతే ఫోన్లో ఒక మిడి యాప్ పెట్టి వేలితో జరిపినా చక్రం పని చేస్తుంది. నేను ఇట్లాగే వాడుతున్నాను. వారం రోజులు చేయి ఎదురు తిరుగుతుంది, తర్వాత అలవాటవుతుంది.

ఇంకో పరిమితి కూడా తెలిసి ఉండాలి. పిచ్ బెండ్ ఒక ఛానెల్లో, అంటే మిడి కబుర్లు పోయే ఒక వరుసలో, మోగే స్వరాలన్నిటినీ కలిపి వంచుతుంది. షడ్జం పట్టి ఉంచి గాంధారం ఒక్కదాన్నే ఊపబోతే రెండూ ఊగుతాయి. శృతి స్వరాన్ని వేరే ఛానెల్లో పెట్టాలి. ఒక్కో స్వరాన్ని విడిగా వంచే పద్ధతిని 2018లో ప్రమాణంగా ఒప్పుకున్నారు. 2020లో ప్రకటించిన మిడి 2.0లో అది భాషలోనే భాగమైంది. మన ఇళ్లలో ఉన్న పియానోలకు ఆ భాష రాదు, తొందర్లో వస్తుందని నేను కూర్చుని ఎదురుచూడను. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ తనకు కావలసిన వాయిద్యం ఎవరో చేసి పంపే దాకా ఆగలేదు. పరాయి వాయిద్యం తీసుకుని, ఐదు తీగలతో తన సంగీతానికి అనువుగా మలచుకున్నారు.

గొంతు ఎవరిది

చివరి మాట, అన్నిటికంటే నన్ను ఎక్కువగా పట్టుకున్నది. 1991లో అన్ని కంపెనీలూ కలిసి 128 వాయిద్యాల జాబితా ఒకటి ఒప్పుకున్నాయి. ఏ యంత్రంలోనైనా అదే నంబరుకు అదే వాయిద్యం పలకాలని. అందులో 105వది సితార్. 112వది షెహనాయి. వీణ లేదు, మృదంగం లేదు. డప్పు సంగతి అడగనే అక్కర్లేదు. ఆ తర్వాత వచ్చిన శాంపిల్ సంపుటాల్లో తబలా వచ్చింది, ఢోలక్ వచ్చింది. మన యూట్యూబ్ జానపద పాటల్లో నాకు వినబడినంతలో చాలాచోట్ల డప్పు అనిపించేది డప్పు కాదు, ఇంకేదో తోలు వాయిద్యాన్ని దగ్గరగా మలిచింది.

మన పాత మహబూబ్‌నగర్ జిల్లా ప్రాంతపు దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, అదే ఏడాది వచ్చిన ‘భీమ్లా నాయక్’ సినిమా పాటలో ఆయన గొంతు లోకమంతా విన్నది. పియానోలో ఒక స్థాయికి మెట్లు పన్నెండు, ఆయన కిన్నెరకూ పన్నెండు. కానీ ఆ రెండు పన్నెండ్లూ ఒకటి కావు. నారాయణపేట జిల్లా దామరగిద్దకు చెందిన దాసరి కొండప్ప బుర్రవీణ కళాకారుడు, 2024లో పద్మశ్రీ. ఈ వాయిద్యాలు వాయించేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రపంచంలో ఏ మూల కూర్చున్న పిల్లవాడైనా సాలమాండర్ దింపుకుని జపాన్ గ్రాండ్ పియానో పలికించగలుగుతున్నాడు. భువనగిరి పిల్లవాడు తన ఊరి డప్పును పలికించలేకపోతున్నాడు. ఇది వైరు సమస్య కాదు, సాఫ్ట్‌వేర్ సమస్యా కాదు. నాకు తెలిసి ఎవరూ రికార్డు చేసి అట్లా పంచలేదు, అంతే.

చేయడం కష్టం కాదు. డప్పును మంట దగ్గర కాచి శృతికి తెచ్చాక, చప్పుడు లేని గదిలో ఫోనును మీటరు దూరంలో పెట్టి, కుదించని వేవ్ ఫార్మాట్‌లో రికార్డు చేయండి. చిర్ర అనే పుల్లతో నడుమ కొట్టే దెబ్బ, అంచు దెబ్బ, సిటికెన పుల్లతో కొట్టే దెబ్బ, రెండూ కలిసిన దెబ్బ. ఒక్కొక్కటి మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా. ప్రతిదీ మూడేసిసార్లు, ఎందుకంటే ఒకే దెబ్బ మళ్లీ మళ్లీ వినబడితే చెవికి యంత్రమని తెలిసిపోతుంది. మొత్తం 36 దెబ్బలు. వాటిని విడగొట్టి డీసెంట్ శాంప్లర్‌లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పియానో ఎడమ చివరి మెట్లకు కట్టండి. మెల్లగా నొక్కితే మెల్లటి దెబ్బ, బలంగా నొక్కితే బలమైన దెబ్బ. పియానో మెట్టుకు ఉన్న బరువు ఇక్కడ డప్పుకు పనికొస్తుంది. కిన్నెర అయితే సాలమాండర్ పద్ధతిలో మధ్య మధ్య మెట్లు వదిలేసి సాగదీయొద్దు. ఉన్నవే పన్నెండు, పన్నెండూ రికార్డు చేయాలి, వాటి శృతిని పియానో శృతికి సరిదిద్దకుండా ఉన్నది ఉన్నట్టు ఉంచాలి.

కొట్టిన కళాకారుడికి ఆ పూట కూలి కాదు, కళాకారుడికి ఇవ్వవలసిన పారితోషికం ఇవ్వండి. ఆయన ఒప్పుకుంటేనే నలుగురికీ పంచండి, పంచిన ప్రతిచోటా ఆయన పేరు రాయండి. భువనగిరి, ఆలేరు, మోత్కూరు, రామన్నపేట చుట్టుపక్కల డప్పుగానీ ఒగ్గుడోలుగానీ వాయించే పెద్దలు మీకు తెలిసుంటే, మీ ఇంట్లో పియానో ఉన్నా లేకపోయినా, వచ్చే బతుకమ్మ పండుగ లోపల ఒక సాయంత్రం వాళ్ల దగ్గర కూర్చోండి. ఫోనులో కొంచెం ఖాళీ ఉంచుకుని పోండి.